పెళ్ళిగౌనుకు లేసు... కత్తెర పెట్టరాని పువ్వు

నరసాపురం : మధ్యాహ్నం అన్నాలయ్యాక డెల్టా పల్లెల్లో ఏ వీధిలోకి వెళ్ళినా అరుగుల మీద ఆడవాళ్ళు కొక్కెం సూది, తెల్లదారం ఉండ పట్టుకుని కనిపిస్తారు. నోరు ఊరి కబుర్లు చెబుతూనే ఉంటుంది, చేయి గొలుసుకుట్టు వేస్తూనే ఉంటుంది. నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల, గోదావరి దాటితే రాజోలు వైపు పల్లెల్లోనూ ఇది ఈనాటి పని కాదు, అయిదారు తరాలుగా వస్తున్నదే. అయితే ఈ పువ్వు ఏజెంటు సంచిలో పడ్డాక ఏమవుతుందో చేసిన తల్లికి తెలియడం తక్కువ. బల్లగుడ్డ అయిందా, దుప్పటి అంచయిందా, పరదా అయిందా అన్నది సముద్రం అవతలి సంగతి.

లేసుకు అన్నిటికంటె పెద్దపీట వేసేది మాత్రం బల్లగుడ్డ కాదు, పెళ్ళిగౌను. దొరల దేశాల్లో పెళ్ళికూతురు తెల్లని పట్టుగౌను, దాని మీద లేసు, తలమీద లేసు ముసుగు వేసుకుని చర్చికి వస్తుంది. ఇప్పటి అమ్మాయిలు కొందరు కొత్త ఫ్యాషన్లు వదిలేసి, అమ్మమ్మల నాటి మోస్తరు గౌన్లే కావాలంటున్నారు. మెడ దాకా లేసు పట్టీ, మణికట్టు దాకా లేసు చేతులు, వెనుక నేల మీద జీరాడే పట్టు కొంగు వారికి కావాలి. పాతకాలపు అందం కోరేవారికి మరలేసు కంటె చేతిలేసే నచ్చుతుంది. మన జిల్లా ఆడవాళ్ళకు ఈ సంగతి పనికివస్తుందా, వస్తే ఎలా అన్నది తెలుసుకోవలసిన విషయమే. 2024లో నరసాపురం క్రోషే లేసుకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది గనుక ఇప్పుడు మరీ అవసరం.

రాణిగారి పెళ్ళితో మొదలు

తెల్లగౌను ఆచారం అనాదిగా ఉన్నదని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. పూర్వం ఐరోపాలో పెళ్ళికూతురు ఉన్నవాటిలో మంచి గౌను, ఏ రంగుదైనా సరే, వేసుకునేది. రాజకుటుంబాలవారు వెండి జరీ, బంగారు జరీ గుడ్డలు కట్టేవారు. 1840 ఫిబ్రవరి 10న ఇంగ్లండు రాణి విక్టోరియా పెళ్ళికి తెల్లని పట్టు శాటిన్ గౌను, దాని మీద లేసు వేసుకుంది. ఆమెకు ముందు తెల్లగౌను కట్టినవారు లేకపోలేదు గాని, జనం వాడుకలోకి తెచ్చింది ఆ పెళ్ళే.

అందులో మనకు కావలసిన ముక్క ఒకటుంది. ఆ పట్టు లండన్‌లోని స్పిటల్‌ఫీల్డ్స్ నేతగాళ్ళు నేసినది. లేసు డెవన్ జిల్లాలో హోనిటన్ ప్రాంతపు ఆడవాళ్ళు, ముఖ్యంగా బీర్ అనే సముద్రతీర గ్రామంవారు చేసినది. ఊరి పేరే బీర్, తాగే బీరుతో సంబంధం లేదు! రెండువందల మందికి పైగా ఆడవాళ్ళు నెలల తరబడి ఆ పని చేశారు. రాణి కావాలనే దేశవాళీ సరుకు ఎంచుకుంది. అప్పటికి చేతిలేసు చేసేవారి బతుకు అడుగంటిపోయి ఉంది. జాన్ హీత్‌కోట్ అనే ఆయన 1808, 1809 సంవత్సరాల్లో వలగుడ్డ నేసే యంత్రాలకు పేటెంట్లు తీసుకున్నాడు. చేతితో నెలలు పట్టే వల యంత్రం మీద గంటల్లో దిగసాగింది. 1816లో యంత్రాలంటే మండిపడే పనివాళ్ళు అతని ఫ్యాక్టరీలో మరలు పగలగొడితే, అతడు మకాం ఎత్తేసి టివర్టన్ వెళ్ళాడు. ఆ టివర్టన్ ఉన్నది కూడా డెవన్‌లోనే. అంటే చేతిలేసు జిల్లాలోనే మరవల ఫ్యాక్టరీ వెలసిందన్న మాట.

హోనిటన్ లేసు పద్ధతి వింటే మన అమ్మలకు కొత్తగా తోచదు. ఒక్కొక్క పువ్వును, ఆకును వేరువేరుగా ఇళ్ళలో చేస్తారు. తర్వాత ఇంకొకరు వాటిని కలిపి అతుకుతారు, లేదా సన్నని వలగుడ్డ మీద కుడతారు. మన ఊళ్ళలోనూ పువ్వు చేసేది చేతిపని, కలిపేది అతుకుపని. వారిది కండెలతో అల్లే లేసు, మనది కొక్కెం సూదితో అల్లే క్రోషే. పనిముట్టు వేరు గాని పని పంచుకునే తీరు ఒకటే. కష్టం కూడా ఒకటే. డెవన్‌లో లేసు వ్యాపారులు ఆడవాళ్ళకు డబ్బు బదులు తమ దుకాణంలో సరుకులు కూలి కింద కట్టబెట్టేవారు. రొక్కం అడిగితే పని ఉండేది కాదు.

విక్టోరియా రాణి ఆ లేసును పారేయలేదు. తరువాత ఎన్నో శుభకార్యాలకు వేరే గౌన్ల మీద వేయించుకుంది. 1901లో ఆమె పోయినప్పుడు పెళ్ళిముసుగు కప్పే సాగనంపారు. మంచి చేతిలేసు ఒక గౌనుతో పోయేది కాదు, గౌను మారుతుంది, లేసు ఉంటుంది.

డెవన్ నుంచి డెల్టాకు

విక్టోరియా పెళ్ళికి నాలుగేళ్ళ ముందు, 1836లో, అదే డెవన్ జిల్లాలోని బార్న్‌స్టేపుల్ నుంచి విలియం బౌడెన్, జార్జి బీర్ అనే ఇద్దరు మిషనరీలు భార్యలతో మన దేశానికి వచ్చారు. నరసాపురం, పాలకొల్లులలో గోదావరి డెల్టా మిషన్‌కు పునాది వేసింది వారే. అయితే లేసు నేర్పింది వారని చెప్పడానికి లేదు. 1844 ప్రాంతంలో స్కాట్లండు నుంచి వచ్చిన మెక్‌రే దంపతులు ఇక్కడి ఆడవాళ్ళకు క్రోషే నేర్పారన్నది ఈ ప్రాంతంలో తరతరాలుగా చెప్పుకునే మాట. మిషనరీలు భద్రాచలం దగ్గర దుమ్ముగూడెంలోనూ లేసు నేర్పారు.

క్రోషేకు ఆ రోజుల్లోనే మరోచోట పేరు వచ్చింది. 1845 నుంచి ఐర్లండులో బంగాళాదుంప పంట కుళ్ళి ఘోరమైన కరువు పడింది. కాన్వెంట్లలో సన్యాసినులు, ఊరి పెద్దింటి ఆడవాళ్ళు పేద స్త్రీలకు క్రోషే నేర్పి, ఇటలీలో పేరుపొందిన వెనిస్ లేసును పోలిన లేసు చేయించి అమ్మి పెట్టారు. ఎన్నో కుటుంబాలు ఆ సూది మీద బతికాయి. గులాబీ, గడ్డిపువ్వు, ద్రాక్ష గుత్తి ఉబ్బెత్తుగా కనిపించే ఆ ఐరిష్ క్రోషే 1900 తరువాత పదేళ్ళూ ఐరోపా ఫ్యాషన్‌ను ఏలింది. పాత మోస్తరు పెళ్ళిగౌన్లు కోరేవారు ఈనాటికీ అడిగే లేసుల్లో అదొకటి. మన సూదికి అతి దగ్గరి చుట్టం అదే.

గౌను ఎలా పుడుతుంది

పేరుమోసిన పెళ్ళిగౌన్లలో పట్టు, లేసు రెండింటి పొత్తు ఎలా కుదిరిందో చూస్తే మన దర్జీలకు కొంత బోధపడుతుంది. 1956 ఏప్రిల్‌లో హాలీవుడ్ తార గ్రేస్ కెల్లీ మొనాకో రాజును పెళ్ళాడినప్పుడు గౌను గీసింది సినిమా దుస్తులు గీసే హెలెన్ రోజ్. పాతిక గజాల పట్టు టఫెటా పట్టింది. పైభాగానికి వాడిన బ్రస్సెల్స్ లేసు అప్పటికే నూటపాతికేళ్ళ పాతది. మూడు డజన్ల మంది కుట్టుపనివారు ఆరు వారాలు కూర్చున్నారు. మెడ నుంచి మణికట్టు దాకా లేసు, నడుం కింద నిండు పట్టు. చూడటానికి ఆడంబరమే లేదు. ఇప్పటికీ ఎందరో పెళ్ళికూతుళ్ళు దర్జీకి ఆ బొమ్మే చూపిస్తారు.

1981లో డయానా గౌనుకు వెనుక కొంగే పాతిక అడుగులు. అదీ టఫెటా పట్టే. గుర్రపుబండిలో మడిచి కూర్చోబెట్టేసరికి ముడతలు పడింది. లోకమంతా టెలివిజన్‌లో చూసింది. టఫెటా గరగరలాడుతూ నిలబడుతుంది, నలిగితే మాత్రం గీత పోదు. శాటిన్ జారుతుంది, మెరుస్తుంది, కాని చిన్న కుట్టు లోపం కూడా దాచదు. పెళ్ళికూతురు ఎంతసేపు కారులో కూర్చోవాలో కూడా దర్జీ అడిగి తెలుసుకోవాలన్న మాట.

2011లో కేథరిన్ మిడిల్టన్ గౌను శారా బర్టన్ గీస్తే, లేసుపని లండన్ రాయల్ స్కూల్ ఆఫ్ నీడిల్‌వర్క్‌వారు చేశారు. లేసులోంచి గులాబీ వంటి పువ్వులను విడదీసి పట్టువలపై చేతితో కుట్టారు. అది ఐర్లండులో పుట్టిన కారిక్‌మాక్రాస్ తరహా. తెలుపు మాయకుండా ప్రతి అరగంటకూ చేతులు కడిగేవారు. మూడు గంటలకొకసారి సూది మార్చేవారు. ఎండాకాలం చెమటలో తెల్లదారం పట్టుకునే మన ఆడవాళ్ళకు ఆ అరగంట లెక్క ఎందుకో చెప్పనక్కరలేదు.

పాతకాలపు మోస్తరు అంటే అన్నీ ఒకటి కావు. విక్టోరియా నాటివి చేతులు బుట్టల్లా ఉంటాయి. మన అమ్మమ్మల బుట్టచేతుల రవికలు గుర్తు తెచ్చుకుంటే చాలు. 1900 నాటివి మెడ కప్పే లేసు కాలరుతో ఉంటాయి. 1920ల్లో నడుం గీత పిరుదుల దాకా దిగి, తలకు టోపీలా అంటుకునే లేసు ముసుగు వచ్చింది. 1930ల్లో పట్టును నిలువుగా కాక ఏటవాలుగా కత్తిరించి ఒంటికి నీటిలా జారేట్టు కుట్టారు. ఈ ఏటవాలు కోతకు పేరు తెచ్చింది పారిస్‌లో మదలెన్ వియొనె అనే ఆవిడ. ఆ కోతకు గుడ్డ చాలా ఎక్కువ పడుతుంది, అంచు సాగుతుంది. కుట్టాక ఒకటి రెండు రోజులు వేలాడదీసి, సాగినదంతా సాగాక అడుగు సరిచేయాలి. ఆ ఓపిక లేనివారు దాని జోలికి పోకపోవడం మంచిది.

రంగు విషయంలోనూ ఒక చిట్కా ఉంది. పట్టుకు సహజంగా ఉన్నది మీగడ రంగు. పాత గౌన్లు అందుకే కళ్ళు మిరుమిట్లు గొలిపే తెలుపు కావు. మన నూలు లేసు చలువచేసి వస్తుంది, మీగడ పట్టు మీద పెడితే సున్నం కొట్టినట్టు తేలిపోతుంది. అందుకని లేసును పలచని టీ డికాక్షన్‌లో కొద్దిసేపు ముంచి ఆరబెడతారు. ముందు చిన్న ముక్క మీద చూసుకోవాలి. తడి మీద ముదురుగా కనిపించిన రంగు ఆరాక తేలికవుతుంది. మొత్తం లేసు ఒకే గిన్నెలో, ఒకేసారి ముంచాలి. రెండోసారి కాచిన డికాక్షన్ మొదటి రంగు ఇవ్వదు.

కత్తెర పెట్టరాని లేసు

ఇక అసలు చిక్కు. మరలేసును తాను కొద్దీ కొని, పువ్వు చుట్టూ కత్తిరించి, కుట్టు కనిపించకుండా ఒకదానిమీద ఒకటి పేర్చి కుట్టవచ్చు. క్రోషే అలా కాదు. అది ఒకే దారం ఒకదానిలోంచి ఒకటి లాగిన ఉచ్చుల వరస. ఎక్కడ కత్తెర పడినా అక్కడి నుంచి ఊడిపోతుంది. కనుక నరసాపురం లేసును గజాల కొద్దీ అల్లించి దర్జీ చేతిలో పెడితే గౌను కాదు. దర్జీయే ముందు కాలరుకు, చేతికి, రొమ్ము భాగానికి కాగితం నమూనా కత్తిరించి లేసు చేసేవారికి ఇవ్వాలి. ఐరిష్ క్రోషేవారు చేసింది ఇదే. నమూనా ఆకారం గుడ్డ మీద గీసి, చేసిన పువ్వులను దాని మీద బోర్లించి టాకాలు వేసి, మధ్య ఖాళీలను వలలా అల్లి నింపేవారు. తరువాత టాకాలు తీస్తే కత్తిరించకుండానే కాలరు కాలరుగా, చెయ్యి చెయ్యిగా బయటికి వస్తుంది. చేతిపని, అతుకుపని తెలిసినవారికి ఇది రాని విద్య కాదు. రావలసింది నమూనా. ఇన్నాళ్ళూ గుండ్రంవి, చదరంవి అల్లాం, ఇప్పుడు భుజం వంపు, చంక వంపు అల్లాలి.

ఇంకో రెండు జాగ్రత్తలు. నూలు లేసు మొదటి ఉతుకులో కుదించుకుంటుంది. పట్టు మీద కుట్టాక కుదిస్తే పట్టు ముడుచుకుంటుంది. కనుక కుట్టకముందే తడిపి, గుండుసూదులతో నమూనా కొలతకు సాగదీసి బల్ల మీద ఆరబెట్టాలి. రెండవది బరువు. ఉబ్బెత్తు పువ్వులు రొమ్ము మీద గుంపుగా పెడితే పలచని పట్టు కిందికి లాగుతుంది, మెడ వంకర పోతుంది. పెద్ద పువ్వులు అడుగు అంచుకు, చేతి చివరలకు వెళ్ళాలి. అడుగున బరువుంటే గౌను తీరుగా దిగుతుంది కూడా. పైకి వచ్చే కొద్దీ చిన్నవి, పలచనివి. లేసు కింద తప్పకుండా సన్నని వలగుడ్డ వేసి, పట్టుకు కాక ఆ వలకు కుట్టాలి. పట్టులో ప్రతి సూదిపోటూ రంధ్రంగానే మిగులుతుంది.

దారం లెక్క, కంటి లెక్క

జర్మనీకి చెందిన సమాజ శాస్త్రవేత్త మరియా మీస్ నరసాపురం వచ్చి లేసు ఆడవాళ్ళ బతుకు పరిశీలించి రాసిన పుస్తకం 1982లో లండన్‌లో అచ్చయింది. ఇళ్ళలో కూర్చుని ప్రపంచ బజారుకు సరుకు చేసే ఈ ఆడవాళ్ళను అంతా ఊరికే కూర్చున్న ఇల్లాళ్ళుగానే చూశారని, అందుకే కూలి పెరగలేదని ఆమె వాదన. ఆనాడు ఆమె లెక్క కట్టిన సగటు రోజు ఆదాయం 56 పైసలు. ఇది చదివిన పైదేశంవారు నివ్వెరపోయారు. ఇక్కడివారికి అందులో కొత్త ఏమీ లేదు.

ఎన్నో ఏళ్ళు కూలి నడిచింది వాడిన దారం లెక్కన. ఇంత దారానికి ఇంత అని. ఈ పద్ధతి ఉన్నచోట గౌను లేసు ఒప్పుకుంటే పనివారు మునుగుతారు. కారణం తేలికే. బల్లగుడ్డకు లావు దారం పడుతుంది. పెళ్ళి లేసుకు సన్నదారం కావాలి. దారం నెంబరు పెరిగే కొద్దీ సన్నం. 20 నెంబరుతో అరచేయంత పువ్వు అల్లే వేళకు, 60 నెంబరుతో అందులో సగం కూడా కాదు. అంగుళానికి కుట్లు పెరుగుతాయి, కళ్ళకు శ్రమ పెరుగుతుంది, తప్పు పోతే విప్పడం నరకం. దారం మాత్రం తక్కువే ఖర్చవుతుంది. దారం కొలిచి డబ్బిస్తే అన్నిటికంటె కష్టమైన పనికి అన్నిటికంటె తక్కువ కూలి వస్తుంది. పెళ్ళిగౌను పని వస్తే పువ్వుకు ఇంత, కాలరుకు ఇంత, జత చేతులకు ఇంత అని ముందే మాట్లాడుకోవాలి. ఒక పువ్వు చేసి గడియారం చూసుకుంటే ఎంత సేపు పట్టిందో తెలుస్తుంది. ఆ గంటలే అడిగే ధరకు ఆధారం.

మరొక పోటీ చైనా మరలేసుది. దూరం నుంచి చూస్తే క్రోషేలానే ఉంటుంది. తిరగేసి చూస్తే గుట్టు తెలుస్తుంది. మరది రెండు దారాలతో కట్టిన ఎంబ్రాయిడరీ, లాగితే ఉచ్చు రాదు. చేతిది ఒకే దారం, వదిలేసిన కొస పట్టి లాగితే ఉచ్చు ఉచ్చుగా ఊడి వస్తుంది. 2024 నాటి భౌగోళిక గుర్తింపు గోదావరి ప్రాంతంలోని 19 మండలాల క్రోషేకు వర్తిస్తుంది. వేరేచోట చేసిన మరలేసును నరసాపురం లేసని అమ్మడం ఇక చట్టవిరుద్ధం. చట్టం పుస్తకంలో ఉంటే చాలదు, పెళ్ళిగౌను కుట్టించుకునేవారికి నరసాపురం అనే పేరు తెలియాలి. బెల్జియం బ్రస్సెల్స్, ఇంగ్లండు హోనిటన్ పేర్లు గౌనుతోపాటే చెప్పుకుంటారు. మన లేసు ఎన్నో ఏళ్ళుగా పేరు లేకుండానే ఓడ ఎక్కుతోంది.

మన పెళ్ళిళ్ళలో

గోదావరి జిల్లాల చర్చిల్లో పెళ్ళికూతురు కట్టేది ఎక్కువగా తెల్ల పట్టుచీరే. తలమీద వలముసుగు, చేతిలో పూలగుత్తి. పట్టణాల్లో గౌన్లు కూడా వస్తున్నాయి. చాలావరకు అద్దెవి, మరలేసువి. ఇక్కడే తయారయ్యే లేసు ఇక్కడి పెళ్ళికూతురి ఒంటి మీద కనిపించకపోవడం విచిత్రమే. గౌను దాకా పోనక్కరలేదు. తెల్ల పట్టుచీరకు లేసు అంచు, మోచేతి దాకా లేసు చేతుల రవిక, ముసుగు చుట్టూ వేలెడు లేసు వేయించినా అందం వస్తుంది. జరీ లేకుండా తెల్లని పట్టు కావాలంటే ధర్మవరం, ఉప్పాడ మగ్గాలు మన రాష్ట్రంలోనే ఉన్నాయి. ఒక్కటి గుర్తుంచుకోవాలి. చీర మగ్గం వెడల్పు గౌను ఘేరుకు చాలదు, ముక్కలు అతకాలి. ఆ అతుకుల మీదనే నిలువు లేసు పట్టీ వేస్తే కుట్టు కనపడదు. ముసుగుకు వేసే లేసు మరీ బరువైతే తలపిన్నులు నిలవవు. మూడు నెలలు ముందు చెప్పకపోతే సన్నదారం పని అందదు. పెళ్ళి ముహూర్తం పెట్టుకుని వారం ముందు దర్జీ దగ్గరకు పరుగెత్తేవారు మరలేసుతో సరిపెట్టుకోవలసిందే.

పెళ్ళయ్యాక దాచడంలోనే చాలా గౌన్లు, చీరలు పాడవుతాయి. మన డెల్టా గాలిలో తేమ ఎక్కువ. ప్లాస్టిక్ సంచిలో పెడితే లోపల చెమ్మ పట్టి పట్టు పసుపు మచ్చలు వేస్తుంది. ఉతికిన తెల్ల నూలుగుడ్డలో చుట్టాలి. గంజి పెట్టకూడదు, పురుగులు వస్తాయి. ఇనుప హుక్కులు, గుండుసూదులు ఉంటే తీసేయాలి. తుప్పు మరక లేసుకు పట్టిందంటే పోదు. లేసు బరువు పట్టు మీద వేలాడకుండా మడిచి పెట్టాలి గాని హ్యాంగరుకు తగిలించకూడదు. ఏడాదికి ఒకసారి ఎండ తగలని చోట విప్పి, పాత మడత మీద కాక వేరే చోట మడవాలి.